ఇంగ్లీషు టీచరుగా విదేశానికి: వెళ్లేవారికీ, పంపే సంఘానికీ



డిగ్రీయో, బి.ఇడి.యో ముగించిన యువతీ యువకులు ఈమధ్య పాస్టరుగారి దగ్గరకు వచ్చి ఒక కొత్త మాట చెబుతున్నారు. "అయ్యగారూ, ఒకటి రెండేళ్లు వేరే దేశం వెళ్లి ఇంగ్లీషు నేర్పుతూ ప్రభువు సేవ చేయాలని ఉంది. ప్రార్థన చేయండి" అంటున్నారు. థాయిలాండ్, కాంబోడియా, నేపాల్, ఆఫ్రికా దేశాల పేర్లు వినిపిస్తున్నాయి. ప్రార్థన చేసి, ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పించి, ప్రత్యేక కానుక పట్టి, స్టేషను దాకా వెళ్లి సాగనంపితే సంఘం పని అయిపోయినట్టేనా? కాదని మేము నమ్ముతున్నాం. పిలుపు ఒక వ్యక్తికి వస్తుంది గాని, అతణ్ణి సిద్ధపరచి పంపే పని సంఘానిది. అంతియొకయలో జరిగింది అదే (అపొ. కార్యములు 13:1-3).

తెలుగు సంఘానికి ఇది కొత్త సంగతేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్తిస్టు సంఘాలవారు తమ హోం మిషనరీ సొసైటీ ద్వారా జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు పంపారు. అక్కడి తోటల్లో కూలికి వెళ్లిన మనవాళ్ల మధ్య ఆయన సంఘం కట్టారు. డబ్బున్న సంఘాలు కావవి. అయినా పంపినవారూ, వెళ్లినవారూ ఆ పనిని పనిగా చేశారు. నేటి మన పిల్లల విషయంలో కూడా ఆ మాత్రం శ్రద్ధ అవసరం.

ముందుగా వాలంటీరు అంటే ఏమిటో ఇంట్లోవాళ్లకు తేటగా తెలియాలి. చాలాచోట్ల జీతం ఉండదు, ఉన్నా చేతిఖర్చుకు మాత్రమే. స్కూలువారు గది, భోజనం చూస్తారు. విమానం టికెట్టు, వీసా, ఇన్సూరెన్సు సొంత ఖర్చు. "అబ్బాయి ఫారిన్‌లో టీచరు" అని చుట్టాలు అనుకునేదానికీ దీనికీ చాలా దూరం ఉంది. అమ్మానాన్నలు ఆ ఆశతో ఒప్పుకుంటే, ఆరు నెలలకే ఇంట్లో కలహం మొదలవుతుంది.

పేరుకు టీచరా, పనికి టీచరా?

మొదటి ప్రశ్న ఇదే. కొందరు ఇంగ్లీషు బోధనను ఒక ముసుగుగా చూస్తున్నారు. లోపలికి వెళ్లడానికి అది దారి, అసలు పని వేరే అంటారు. ఈ ఆలోచనను మేము ఒప్పుకోలేం.

పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు (అపొ. కార్యములు 18:3). ఆ డేరాలు నటన కాదు. కొన్నవాడికి ఎండా వానా తగలకుండా అవి నిలబడి ఉండాలి. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానని థెస్సలొనీకయులకు ఆయనే రాశాడు (1 థెస్స. 2:9). అలాగే మన పిల్లవాడు టీచరుగా వీసా తీసుకుంటే, ముందు అతడు నిజమైన టీచరు కావాలి. క్లాసుకు వచ్చిన పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చారు. వాళ్ల తల్లిదండ్రులు అందుకే పంపారు. పాఠం సరిగా చెప్పకుండా ఆ సమయాన్ని వేరేదానికి వాడుకుంటే అది దొంగతనమే అవుతుంది.

మరి సాక్ష్యం మాటేమిటి? టైముకు క్లాసుకు రావడం, నోటుబుక్కులు దిద్దడం, వెనకబడిన పిల్లవాణ్ణి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పడం, జీతం లేకపోయినా ఎగ్గొట్టకపోవడం, ఇవన్నీ సాక్ష్యమే. నీ నిరీక్షణ ఏమిటని ఎవరైనా అడిగితే, అక్కడి చట్టం ఒప్పుకునే మేరకు సాత్వికంతో చెప్పాలి (1 పేతురు 3:15). అడగకముందే, మార్కులు ఆశ చూపి, పిల్లల్ని ప్రార్థనకు రప్పించడం మాత్రం తగదు. మన పిల్లలకు వేరే మతంవాళ్లు అలా చేస్తే మనం ఊరుకుంటామా?

నేర్పడం నేర్చుకోవాలి

ఇంగ్లీషు మీడియంలో చదివినంత మాత్రాన ఇంగ్లీషు నేర్పడం రాదు. విదేశీ స్కూళ్లు సాధారణంగా 120 గంటల టెఫెల్ లేదా టెసోల్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఆన్‌లైన్‌లో నాలుగు రోజుల్లో చేతికి వచ్చే సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. వాటివల్ల కాగితం వస్తుంది గాని పని రాదు. కేంబ్రిడ్జివారి సెల్టా కోర్సులో కనీసం 6 గంటలు నిజమైన విద్యార్థుల ముందు పాఠం చెప్పాలి, వెనక కూర్చుని చూసినవారు తప్పులు చెబుతారు. ఏ కోర్సు చేరినా అలాంటి బోధనా సాధన ఉందో లేదో చూసుకోండి. మన హైదరాబాదులోనే 1958లో మొదలైన సంస్థ నేడు ఇఫ్లూ యూనివర్సిటీగా ఉంది. ఇంగ్లీషు బోధనలో పీజీ డిప్లొమాకు దానికి దేశమంతటా పేరుంది.

మన ఉచ్చారణను కూడా ఒకసారి మనమే వినాలి. తెలుగువాళ్లం మాట చివర అచ్చు లేకుండా ఆగలేం. బస్ మన నోట్లో బస్సు అవుతుంది, రోడ్ రోడ్డు అవుతుంది. థాయి పిల్లల ఇబ్బంది దీనికి తిరుగుడుగా ఉంటుంది. వాళ్లు చివరి హల్లును మింగేస్తారు. థాయి, ఖ్మేర్ భాషల్లో క్రియ కాలాన్నిబట్టి మారదు కాబట్టి, నిన్న వెళ్లాను, రేపు వెళ్తాను అనే తేడాను క్రియలోనే చూపించడం వాళ్లకు కొత్త. ఇవి తెలిసి వెళ్లిన టీచరుకు పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మనకు ఒక మేలు కూడా ఉంది. మనం కూడా ఇంగ్లీషును కష్టపడి నేర్చుకున్నవాళ్లమే. ఎక్కడ నాలుక తిరగదో, ఎక్కడ సిగ్గు అడ్డొస్తుందో మనకు అనుభవమే.

అందుచేత మా సలహా ఇది. వెళ్లాలనుకునేవారు ముందు కనీసం ఆరు నెలలు ఇక్కడే, తమ ఊరి ప్రభుత్వ బడిలోనో, హాస్టల్లోనో, పేటలోని పిల్లలకు సాయంత్రం పూటనో వారానికి మూడు రోజులు ఇంగ్లీషు చెప్పాలి. వీబీఎస్‌లో పది రోజులు పాటలు నేర్పడం వేరు, ఆరు నెలలు అదే పిల్లలకు అదే పాఠం మళ్లీ మళ్లీ చెప్పడం వేరు. ఇక్కడ మూడో నెలలో విసుగు పుట్టినవారికి అక్కడ మూడో వారంలోనే పుడుతుంది.

కాగితాలు కూడా భక్తిలో భాగమే

"దేవుడు ద్వారం తెరిస్తే వీసా ఏపాటి" అనేవారున్నారు. నెహెమ్యా అలా అనలేదు. యెరూషలేముకు బయలుదేరే ముందు, దారిలోని అధికారులకు తాకీదులు ఇమ్మని రాజును అడిగాడు, కలప కోసం అడవుల కాపరికి కూడా ఉత్తరం తీసుకున్నాడు (నెహెమ్యా 2:7-8). ఆయన రాజు ముందు మౌనంగా ప్రార్థించినవాడే, ఉత్తరాలు అడిగినవాడూ ఆయనే.

పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలుండాలని చాలా దేశాలు అడుగుతాయి. పాస్‌పోర్టు సేవ ద్వారా పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. డిగ్రీ సర్టిఫికెట్లకు ముందు రాష్ట్రస్థాయిలో ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర అవసరం పడవచ్చు. మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో 2005 నుంచి ఉంది. ఒప్పందంలో లేని దేశాలకైతే ఆ దేశపు ఎంబసీ ముద్ర కావాలి. వీటికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆఫ్రికాలోని అనేక దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. ఆ పసుపు కార్డు తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో కూడా అడుగుతారు.

వీసా విషయంలో రెండు సంగతులు గట్టిగా చెప్పదలిచాం. మొదటిది, జీతం లేదు కాబట్టి అది ఉద్యోగం కాదనుకోవద్దు. థాయిలాండ్ చట్టంలో జీతం లేని పని కూడా పనే, వాలంటీరుకు సైతం వర్క్ పర్మిట్ కావాలి. టూరిస్టుగా దిగి బడిలో పాఠం చెబితే చట్టం తప్పినట్టే. "అందరూ అలాగే చేస్తారు" అనే మాట విశ్వాసి నోట రాకూడదు. ప్రభువు దృష్టిలోనే గాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని పౌలు జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ. 8:20-21). ఇంకో మాట, అన్ని దేశాలు మనవాళ్లను ఇంగ్లీషు టీచర్లుగా తీసుకోవు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు సంభాషణ నేర్పే వీసా ప్రధానంగా ఆ భాష మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పౌరులకే ఇస్తారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ఏజెంటు మాట కాదు, ఆ దేశపు ఎంబసీ మాట వినాలి.

రెండోది నేపాల్ గురించి. అక్కడికి మనకు వీసా అక్కర్లేదు కాబట్టి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 2015 నాటి నేపాల్ రాజ్యాంగం ఇతరులను మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న శిక్షాస్మృతి ప్రకారం, ఆ నేరానికి ఐదేళ్ల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. విదేశీయులైతే శిక్ష ముగిసిన ఏడు రోజుల్లో దేశం నుంచి పంపేస్తారు. మన పిల్లవాడు తిరిగి ఇంటికి వస్తాడు. అతడికి చోటిచ్చిన బడి, అక్కడి చిన్న సంఘం, ఆ కేసు భారం మోస్తూ అక్కడే ఉండిపోతాయి. మన ఉత్సాహానికి వెల వాళ్లు కట్టకూడదు.

తోడేళ్లున్న దారి

2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు మనలో చాలామంది పేపర్లో చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి తీసుకెళ్లిన మన కుర్రాళ్లను కాంబోడియాలో బంధించి, పాస్‌పోర్టులు లాక్కుని, భారతీయులనే మోసగించే సైబర్ నేరాలు చేయించారు. తప్పించుకున్నవారు చెప్పిన సంగతులు వింటే నిద్ర పట్టదు. ఈరోజు డేటా ఎంట్రీ పేరుతో వచ్చిన ఉచ్చు రేపు "క్రైస్తవ స్కూల్లో ఇంగ్లీషు టీచరు" పేరుతో రాదని ఎవరు చెప్పగలరు? వాక్యం వల్లించే ఏజెంటు కూడా ఏజెంటే.

గుర్తులు ఇవి. ఇంటర్వ్యూ అంతా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ముగుస్తుంది. స్కూలు పేరు అడిగితే "వెళ్లాక చెబుతాం" అంటారు. ముందు టూరిస్టు వీసా మీద రండి, అక్కడ మారుద్దాం అంటారు. దిగగానే పాస్‌పోర్టు తమకు ఇవ్వాలంటారు. వారంలో బయలుదేరాలని తొందరపెడతారు. వీటిలో ఒక్కటి కనిపించినా ఆగండి.

సంఘం చేయగల పరీక్ష సులువైనది. బడి నడిచే వేళలో ప్రిన్సిపాల్‌తో వీడియో కాల్ మాట్లాడండి, తరగతి గదులు చూపించమనండి. అంతకుముందు అక్కడ పనిచేసి వచ్చిన ఇద్దరితో మాట్లాడండి. ఆ ఊరి సంఘ కాపరి ఎవరో కనుక్కోండి. ఏజెంటు ద్వారా వెళ్లేదైతే, 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అతడు నమోదై ఉండాలి. విదేశాంగ శాఖవారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు చూసుకోవచ్చు. అలాంటి ఏజెంటు తీసుకోదగిన రుసుముకు కూడా హద్దుంది, 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ. లక్షలడిగేవాడు ఎవరో మీకే అర్థమవుతుంది. అక్కడికి చేరాక మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. కష్టమొస్తే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టే విధానం ఇంట్లోవాళ్లకు కూడా నేర్పి వెళ్లాలి.

కూర్చుని లెక్క చూడాలి

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే చెప్పాడు (లూకా 14:28). లెక్కలో రానూపోనూ టికెట్లు, వీసా, టీకాలు, ఆస్పత్రి ఖర్చుతోపాటు అత్యవసరంగా స్వదేశానికి చేర్చే ఇన్సూరెన్సు, నెలనెలా చేతిఖర్చు ఉండాలి. తిరుగు టికెట్టు డబ్బు బయలుదేరకముందే సంఘ కోశాధికారి దగ్గర విడిగా ఉండాలి, దాన్ని దేనికీ ముట్టకూడదు. చేతిలో తిరుగు ప్రయాణం డబ్బు లేనివాడు చెడ్డచోట కూడా ఉండిపోతాడు.

సంఘాలకు ఒక హెచ్చరిక. విదేశానికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకువారి సరళీకృత చెల్లింపు పథకం, అంటే ఎల్‌ఆర్‌ఎస్, వ్యక్తులకు మాత్రమే. సొసైటీలకు, ట్రస్టులకు అది వర్తించదు. ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చయితే ఆదాయపు పన్ను మినహాయింపుకు కూడా చిక్కు రావచ్చు. కానుక పట్టకముందే ఆడిటరుగారిని అడగండి.

ఇంటి సంగతి కూడా లెక్కలోదే. చదువు కోసం తెచ్చిన అప్పు తీరలేదు, నాన్నకు మందులు కావాలి, చెల్లెలు చదువులో ఉంది, ఇంటికి ఆధారం ఈ ఒక్కడే. అలాంటప్పుడు దేవునికి అర్పితమన్న పేరుతో తల్లిదండ్రులను విడిచిపెట్టడం గురించి ప్రభువు ఏమన్నాడో మార్కు 7:9-13లో కొర్బాను మాట దగ్గర మళ్లీ చదవండి. ఇప్పుడు కాదు, రెండేళ్ల తరువాత అని చెప్పడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఆ పిల్లలు మన ఫోటోల కోసం కారు

వాలంటీర్లకు ఎక్కువగా కనబడే పిలుపు అనాథాశ్రమాల నుంచి వస్తుంది. కాంబోడియాలో, నేపాల్‌లో అలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లి గాని తండ్రి గాని బతికే ఉన్నారని ఏనాడో బయటపడింది. విదేశీయుల జాలి డబ్బు తెస్తుంది కాబట్టి, పేదవాళ్ల పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి అనాథలుగా చూపించినవారున్నారు. మనం ఎంత మంచి మనసుతో వెళ్లినా ఆ వ్యాపారానికి చేయూత ఇచ్చినవాళ్లమవుతాం. పిల్లలు సాయంత్రం ఇంటికి వెళ్లే మామూలు బడిని ఎంచుకోమని మా సలహా.

పిల్లల విషయంలో మన దేశంలో ఏ జాగ్రత్తలు ఉండాలో అక్కడా అవే. తలుపు వేసిన గదిలో ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. కొట్టకూడదు, మన బళ్లలో బెత్తం చూసి పెరిగినవారు ఈ సంగతి ముందే మనసులో స్థిరపరచుకోవాలి. ఆ పిల్లల ముఖాలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి కానుకలు అడగకూడదు.

తల మీద చేయి

మన సంఘాల్లో పిల్లలు దగ్గరకొస్తే తల మీద చేయి పెట్టి దీవిస్తాం. థాయిలాండ్‌లో, కాంబోడియాలో తలను పవిత్రంగా చూస్తారు. పరాయివాడు తల తాకితే చిన్నబుచ్చినట్టే. కాలితో వస్తువు చూపించడం, బుద్ధ విగ్రహం వైపు కాళ్లు చాపడం పెద్ద అమర్యాద. ప్రేమతో చేసిన పని అవమానంగా చేరకూడదంటే, ముందు అడిగి తెలుసుకోవాలి.

భాష నేర్చుకోవాలి. తమిళుడైన వి.ఎస్. అజరయ్యగారు 1909లో దోర్నకల్లు వచ్చి తెలుగు నేర్చుకున్నారు, 1912లో బిషప్పయ్యారు. ఆయన మనతో ఇంగ్లీషులోనే మాట్లాడి ఉంటే దోర్నకల్లు చరిత్ర వేరుగా ఉండేది. థాయి అక్షరాలు కూడా మన క, ఖల వరసలోనే సాగుతాయి, తెలుగు పిల్లలకు అందులో పరాయితనం కొంత తగ్గుతుంది. ఇంగ్లీషు నేర్పడానికి వెళ్లినవాడు అక్కడి భాషలో తడబడుతూ నాలుగు మాటలు మాట్లాడితే, తప్పుల భయంతో నోరు విప్పని విద్యార్థికి ధైర్యం వస్తుంది.

సంఘ కమిటీ అడగవలసినవి

పంపే ముందు కమిటీ పెద్దలు ఈ ప్రశ్నలు ముఖాముఖి అడిగి, జవాబులు మినిట్స్‌లో రాసుకోవాలని కోరుతున్నాం.

1. ఇక్కడ ఎన్ని నెలలు పాఠం చెప్పావు? ఎవరు చూశారు?
2. ఏ బడి, ఏ వీసా, ఎంతకాలం? ఆ కాగితాల నకళ్లు సంఘం దగ్గర ఉన్నాయా?
3. తిరుగు టికెట్టు డబ్బు విడిగా ఉందా? ఇన్సూరెన్సు ఉందా?
4. అమ్మానాన్నలు అన్నీ తెలిసి ఒప్పుకున్నారా?
5. అక్కడ ఆదివారం ఏ సంఘంలో కూర్చుంటావు? నీ బాగోగులు ఎవరు చూస్తారు?
6. ఇక్కడి నుంచి వారం వారం నీతో మాట్లాడేది ఎవరు?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి నెల అందరూ ఫోన్ చేస్తారు. ఐదో నెలలో, జ్వరం వచ్చి ఒక్కడే గదిలో పడి ఉన్నప్పుడు, క్రిస్మస్ రాత్రి క్యారల్స్ గుర్తొచ్చినప్పుడు ఫోన్ చేసేవారు ఉండరు. స్త్రీల సమాజంవారో, యూత్‌వారో ఈ బాధ్యత పేరు రాసి తీసుకోవాలి. ఆడపిల్లను పంపితే, ఆమె మనసు విప్పి చెప్పుకోగల ఒక పెద్ద అక్క తప్పకుండా ఉండాలి.

తిరిగి రావడం గురించి కూడా వెళ్లకముందే మాట్లాడుకోవాలి. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితును పౌలుకు సహాయంగా పంపింది. అతడు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు, ఇంటిమీద బెంగపెట్టుకున్నాడు. పౌలు అతణ్ణి వెనక్కి పంపుతూ, సంతోషంతో చేర్చుకోండి, అలాంటివారిని ఘనపరచండి అని సంఘానికి రాశాడు (ఫిలిప్పీ. 2:25-30). ఏడాదికని వెళ్లి నాలుగు నెలలకే వచ్చినవారిని "అప్పుడే వచ్చేశావేంటి?" అని గుడి మెట్ల మీద నిలదీసే అలవాటు మనలో ఉంది. ఆ మాటకు భయపడే, రావలసినవారు రాకుండా చెడ్డచోట్ల ఉండిపోతారు. పంపిన రోజు వేసిన దండ కంటే, తిరిగొచ్చిన రోజు తెరిచిన తలుపు గొప్పది.

మీ సంఘంలో ఇలాంటి భారం ఉన్న యువకుడో, యువతో ఉంటే, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి మొదటి ప్రశ్నతో మొదలుపెట్టండి. పేటలో సాయంత్రం పాఠానికి ఎదురుచూసే పిల్లలు ఇప్పటికే ఉన్నారు. పని అక్కడే ఆరంభం కావచ్చు. వెళ్లేవారిని, పంపేవారిని ప్రభువు తన వెలుగులో నడిపించును గాక.